కప్తాను ఎత్తు

రైతు గాదెలో దాచిన గింజలను తొలకరి వానలు పడగనే తీసి మట్టిలో చల్లివేయును. గట్టున నిలిచి చూచు పసివానికి అది వృథావ్యయమువలె తోచవచ్చును. తినుటకు పనికివచ్చు గింజలు మన్నుపాలగుచున్నవే యని వాడు చింతింపవచ్చును. కాని రైతునకు అదను తెలియును. ఆ నాలుగు దినములలో చల్లని గింజ పిమ్మట గాదెనిండ ఉన్నను పంట కాజాలదు. గింజ కంటికి కనబడును, అదను కనబడదు. కనబడని దానికొరకు కనబడుదానిని విడుచుటకు వివేకమును కావలెను, ధైర్యమును కావలెను.

చదరంగమునందును ఇట్టి సేద్యమొకటి కలదు. ఆట మొదలైన మూడు నాలుగు ఎత్తులలోనే ఆటగాడు తన బంటునొకదానిని కోరి ప్రత్యర్థికి అప్పగించును. ఆ బంటు వెలగా అతడు కొనునది కాలము. ఇట్టి ప్రారంభమునకు పాశ్చాత్యులు 'గాంబిట్' అని పేరు పెట్టిరి. కుస్తీలో ఎదుటివాని కాలికి కాలు అడ్డమిడి పడవేయుటను తెలుపు ఇటలీ భాషాపదమునుండి ఈ పేరు పుట్టినది. స్పెయిను దేశపు మతాచార్యుడును చదరంగ కోవిదుడును అగు రూయ్ లోపెజ్ 1561వ సంవత్సరమున తన గ్రంథములో ఈ మాటను చదరంగమునకు అన్వయించెను. గాంబిట్లు పెక్కు కలవు. వానిలో మిక్కిలి కీర్తిని, మిక్కిలి వివాదమును గూడ పొందినది ఒక ఓడ కప్తాను కనిపెట్టిన ఎత్తు. దాని చరిత్రయే ఈ పాఠము.

ముందుగా ఆట సంగతి కొంత తెలిసికొనవలెను. చదరంగము మన దేశమున 'చతురంగము' అను పేర పుట్టినదని చరిత్రకారులు పలువురు అంగీకరించిరి. రథములు, ఏనుగులు, గుర్రములు, కాలిబంట్లు అను నాలుగంగముల సైన్యమే ఆ పేరునకు మూలము. ఇచ్చటినుండి ఆట పారసీకమునకును, అచ్చటినుండి అరబ్బులకును, వారివలన ఐరోపాకును ప్రాకినది. పూర్వపు ఆటలో మంత్రి మూలగా ఒక్క గడి మాత్రమే నడచెడివాడు. బంటు ఎప్పుడును ఒక్కొక్క గడియే కదలెడిది. కాబట్టి సైన్యములు నెమ్మదిగా వ్యూహము తీర్చుకొనుటకు తీరిక ఉండెడిది. పదునైదవ శతాబ్ది చివర ఐరోపాలో నియమములు మారినవి. మంత్రి నిలువుగను, అడ్డముగను, మూలగను ఎంతదూరమైనను పోగలవాడాయెను. మూలగా నడచు శకటునకు గూడ దూరపు నడక లభించినది. మొదటిసారి కదలునపుడు బంటు రెండు గడులు దాటవచ్చునను నియమము గూడ స్థిరపడినది. అప్పటినుండి పది ఎత్తులలోనే రాజునకు ప్రాణసంకటము కలుగుట సంభవమైనది. కాలమునకు విలువ వచ్చినది.

కాలమనగా ఇచ్చట గడియారపు కాలము కాదు, ఎత్తుల లెక్క. ఇరువురును మార్చి మార్చి ఒక్కొక్క ఎత్తు వేయుదురు. ఆరంభమున బంట్ల వరుస వెనుక ఏనుగులు, గుర్రములు, శకటులు, మంత్రి, రాజు కట్టివేసినట్లు నిలిచియుందురు. ఎవని బలగము ముందుగా బయటికి వచ్చి నడుమనున్న గడులను ఆక్రమించునో అతనికి పైచేయి కలుగును. ఒకడు వేసిన ఎత్తునకు భయపడి రెండవవాడు తన పావును వెనుకకు తీసికొనెనా, అతని ఎత్తు ఒకటి వ్యర్థమైనట్లే. మొదటివానికి ఒక ఎత్తు ఉచితముగా దొరకినట్లే. ఈ ఉచితపు ఎత్తే గాంబిట్ వేయువాడు కోరు అదను.

విలియం డేవీస్ ఎవాన్స్ 1790వ సంవత్సరము జనవరి 27వ తేదీన వేల్సు దేశమందలి పెంబ్రోక్‌షైర్‌లో జన్మించెను. చిన్నతనముననే ఓడపనిలో చేరి, క్రమముగా తపాలాను మోయు ఆవిరియోడకు కప్తాను ఆయెను. వేల్సులోని మిల్‌ఫర్డ్ రేవునకును, ఐర్లండులోని వాటర్‌ఫర్డ్‌నకును నడుమ ఆయన తపాలా సంచులను చేరవేయుచుండెను. సముద్రపు పోటు తప్పిన ఓడ రేవు దాటజాలదు. గాలి వానలు ఎట్లున్నను తపాలా వేళకు చేరవలసినదే. అట్టి వృత్తిలోనున్న వానికి కాలపు విలువను వేరొకరు బోధింపనక్కరలేదు. ముప్పదియేండ్లు సమీపించునప్పటికిగాని ఆయన చదరంగమున గట్టి అభ్యాసము మొదలుపెట్టలేదు. గొప్ప ఆటగాండ్రలో ఆయన పేరు చేరియుండెడిది కాదు. కాని 1820ల నడుమ, ఆయనకు ఒక ఎత్తు స్ఫురించినది. ఆ యొక్క ఎత్తు ఆయన పేరును నేటివరకు నిలిపినది.

ఆ ఎత్తును చూడగోరువారు చదరంగపు పలకను ఎదుట పెట్టుకొని పావులను నడపుచు చదువవలెను. తెల్లపావులు మొదట కదలును. తెల్లవాడు రాజు ముందరి బంటును రెండు గడులు నడపును. నల్లవాడును అట్లే చేయును. తెల్లవాడు రాజువైపు గుర్రమును బయటికి తెచ్చి నల్లబంటుపై గురిపెట్టును. నల్లవాడు మంత్రివైపు గుర్రమును తెచ్చి బంటునకు కాపుంచును. పిమ్మట తెల్లవాడు రాజువైపు శకటును మూలగా నాలుగవ వరుసకు పంపును. అది నల్లరాజు ప్రక్కనున్న శకటు ముందరి బంటును చూచుచుండును. ఆ బంటునకు రాజుతప్ప వేరు కాపుదల లేదు. నల్లవాడును తన శకటును అదేవిధముగా తెచ్చి నిలుపును. ఇంతవరకు ఇది శతాబ్దములనుండి అందరు ఆడుచున్న ప్రారంభమే. దీనికి 'ఇటలీ ఆట' యని పేరు.

నాలుగవ ఎత్తుతో కప్తాను పని మొదలగును. తెల్లవాడు తన ఎడమచేతి చివరనుండి రెండవదగు బంటును, అనగా మంత్రివైపు గుర్రము ముందు నిలిచినదానిని, రెండు గడులు ముందునకు త్రోయును. అది నేరుగా నల్లశకటు నోటియొద్దకు పోయి నిలుచును. దానికి వెనుక కాపుదల ఏమియు లేదు. చూచువారికి అది పరధ్యానమున జరిగిన పొరపాటువలె తోచును. నల్లశకటు దానిని పట్టుకొనును. వెంటనే తెల్లవాడు దాని ప్రక్క బంటును ఒక గడి ముందునకు జరిపి ఆ శకటును బెదరించును. శకటు తప్పించుకొని పోవలెను. అది పోవునంతలో తెల్లవాడు మంత్రి ముందరి బంటును రెండు గడులు నడపి పలక నడిమి భాగమును తన వశము చేసికొనును. పిమ్మట రాజును ఏనుగు చాటునకు చేర్చి కోట కట్టుకొనును. ఇంతలో నల్లశకటు అటునిటు తిరుగుటతోనే సరిపోయినది. నల్లరాజు ఇంకను పలక నడుమ కోట లేక నిలిచియున్నాడు. తెల్లశకటులకును, మంత్రికిని, ఏనుగులకును దారులు తెరచుకొన్నవి.

బంటు నీయకయే ఈ నడిమి బంట్లను నడుపరాదా యని మీరడుగవచ్చును. నడుపవచ్చును. కాని అప్పుడు ప్రక్క బంటును జరుపుటకు ఒక ఎత్తు పట్టును. ఆ ఎత్తులో నల్లవాడు వేరొక గుర్రమును తెచ్చి ఎదురుదాడి చేయును. శకటును బెదరించుచు అదే బంటును నడిపినచో నల్లవానికి ఆ తీరిక లేదు. ఒక బంటు ఇచ్చి ఒక ఎత్తు కొనుట యనగా ఇదియే.

అయినచో ఇందు అపాయమేమి? అపాయము కలదు, అది చిన్నది కాదు. తెల్లవానికి ఏడు బంట్లు మిగిలినవి, నల్లవానికి ఎనిమిది. చదరంగమున బంటు పలక చివరి వరుస చేరినచో మంత్రియగును. ఆట సాగి సాగి పావులు తరిగినకొలది ఒక బంటు ఎక్కువయున్న వానిదే గెలుపగుట తరచు. కాబట్టి తెల్లవాడు తాను కొన్న అదనును వెంటనే వినియోగింపవలెను. ఇరువది ఎత్తులలో దాడి ఫలింపకున్నచో, అదను ఆవిరియైపోవును. పోయిన బంటు మాత్రము పోయినట్లే నిలుచును. గాంబిట్ వేసిన పిదప సోమరితనమున వేసిన ఒక్క ఎత్తు చాలును, దానము నష్టముగా మారుటకు.

1827వ సంవత్సర ప్రాంతమున కప్తాను ఎవాన్స్ లండను నగరమున అలెగ్జాండర్ మెక్డానెల్‌పై ఈ ఎత్తు ప్రయోగించి గెలిచెను. మెక్డానెల్ బెల్‌ఫాస్ట్‌లో పుట్టినవాడు. బ్రిటిషు దీవులలో ఆనాడు మేటి ఆటగాండ్రలో నొకడు. తనను ఓడించిన ఎత్తును ఆయన అసహ్యించుకొనలేదు. శ్రద్ధగా పరిశీలించి తన ఆయుధము చేసికొనెను. 1834వ సంవత్సరమున లండనులో ఆయనకును, ఫ్రాన్సు దేశపు విజేత లా బూర్డొనేకును గొప్ప పోటీ జరిగినది. ఈ లా బూర్డొనే తాతయే 1746లో ఆంగ్లేయులనుండి మద్రాసు కోటను పట్టుకొనిన ఫ్రెంచి నౌకాధిపతి. జూను నెలనుండి అక్టోబరు వరకు వారిరువురు ఎనుబదియైదు ఆటలు ఆడిరి. మొత్తముమీద లా బూర్డొనేయే పైచేయి సాధించెను. మెక్డానెల్ ఈ పోటీలో కప్తాను ఎత్తును ప్రయోగింపగా, దాని బలము చూచిన లా బూర్డొనే తానును దానిని చేపట్టి మెక్డానెల్‌మీదనే తిరిగి ప్రయోగించెను. ఆ ఆటలు అచ్చుపడి ఐరోపా అంతట వ్యాపించినవి. ఓడకప్తాను ఎత్తు లోకవిదితమైనది.

పిమ్మట దాని వైభవమునకు శిఖరము 1852వ సంవత్సరమున బెర్లిను నగరమున కనబడినది. బ్రెస్లావు పట్టణమున గణితోపాధ్యాయుడగు ఆడాల్ఫ్ ఆండర్సన్, జాన్ డ్యుఫ్రేన్ అను వానితో ఆడెను. ఆండర్సన్ కప్తాను బంటునిచ్చి ఆట మొదలిడెను. ఇరువది ఎత్తులు సమీపించునప్పటికి డ్యుఫ్రేన్ కూడ ఘోరమైన దాడికి సిద్ధపడియుండెను. మరియొక్క ఎత్తు దొరకినచో తెల్లరాజునకే ఆట కట్టెడిది. ఆ స్థితిలో ఆండర్సన్ తన గుర్రమును నల్లమంత్రికి విడిచిపెట్టెను. తరువాతి ఎత్తున ఏనుగును బలియిచ్చెను. దానివెంట మంత్రినే ఇచ్చివేసెను. నల్లరాజు ఇష్టమున్నను లేకున్నను ఆ మంత్రిని పట్టి బయలున పడవలసివచ్చెను. అంత రెండు శకటులు మూలదారులనుండి వచ్చి ఇరువదినాలుగవ ఎత్తున ఆట కట్టివేసినవి. ఆండర్సన్ కీర్తిమాలలో ఈ ఆట వాడని ఆకువంటిదని స్టైనిట్జ్ మెచ్చుకొనెను. అందువలననే దానికి 'నిత్యహరితమైన ఆట' యని పేరు వచ్చినది. ఇందు మీరు గమనింపవలసినది త్యాగముల సంఖ్య కాదు. డ్యుఫ్రేన్‌నకు కావలసినది ఒక్క ఎత్తు. ఆ ఒక్క ఎత్తు అతనికి దొరకకుండుటకే ఆండర్సన్ అంత బలగమును వెచ్చించెను. రాజును బెదరించు ప్రతి ఎత్తును ప్రత్యర్థి వెంటనే అడ్డుకొనవలెను. తన పని చూచుకొనుటకు వానికి తీరిక ఉండదు.

ఏ ఆయుధమునకైనను డాలు పుట్టకపోదు. ఆండర్సన్ ఆటను మెచ్చుకొనిన ఆ విల్‌హెల్మ్ స్టైనిట్జే ఇట్టి దాడులను లోతుగా విమర్శించినవాడు. ఆయన 1836లో ప్రాగు నగరమున జన్మించెను. 1886లో మొదటి ప్రపంచ విజేతగా గుర్తింపు పొందెను. దాడి చేయుటకు హక్కు స్థితిలో ఆధిక్యమున్న వానికే కలదనియు, ఆధిక్యము లేని వాడు దాడిచేసినచో ఓపికగల ప్రత్యర్థి దానిని త్రిప్పికొట్టగలడనియు ఆయన బోధించెను. ప్రత్యర్థి ఇచ్చిన బంటును తీసికొని, కష్టములకోర్చి కాపాడుకొనినచో చివరకు లాభము తనదేయని ఆయన నమ్మకము.

ఈ నమ్మకమును ఎదిరించినవాడు రష్యా దేశపు మిఖాయిల్ చిగోరిన్. ఆయనకు కప్తాను ఎత్తుమీద మిక్కుటమైన మక్కువ. 1889లో క్యూబా దేశపు హవానా నగరమున ప్రపంచ విజేత పదవికొరకు వీరిరువురు పోరాడిరి. తెల్లపావులు తన పాలికి వచ్చిన ఆటలలో పెక్కింట చిగోరిన్ ఈ గాంబిట్నే వేసెను. పోటీ మొత్తమున స్టైనిట్జ్ పది ఆటలు గెలిచెను, చిగోరిన్ ఆరు గెలిచెను, ఒకటి సమమైనది. అయినను వాదము తెగలేదు. 1890-91లో ఒకరు న్యూయార్కునను, ఒకరు సెయింట్ పీటర్స్‌బర్గునను ఉండి, తంతి ద్వారా ఎత్తులు పంపుకొనుచు రెండు ఆటలు ఆడిరి. వానిలో ఒకటి కప్తాను గాంబిట్. స్టైనిట్జ్ ఆ బంటును విడువనిచ్చగింపక, మంత్రిని త్వరపడి బయటికి తెచ్చి, బలగమంతయు ఇరుకున పడునట్లు చేసికొనెను. రెండాటలును చిగోరిన్ గెలిచెను. ఊపిరాడని ఇంటిలో కూర్చుండి పెట్టెకు కావలి కాచినవానివలె నాయెను స్టైనిట్జ్ గతి.

ధైర్యము గలవానికి గెలుపు తథ్యమని దీనినిబట్టి తలపరాదు. 1892లో హవానాలోనే వీరు తిరిగి ప్రపంచ పదవికొరకు తలపడిరి. పది ఆటలు ముందుగా గెలిచినవానిది జయము. ఇరువదిరెండు ఆటలు ముగియునప్పటికి స్టైనిట్జ్ తొమ్మిది, చిగోరిన్ ఎనిమిది గెలిచియుండిరి. ఇరువదిమూడవ ఆటలో చిగోరిన్ మరియొక గాంబిట్ వేసెను; అది రాజు ప్రక్క బంటునిచ్చు పురాతనపు గాంబిట్. ఆట ఆయనకు అనుకూలముగా సాగినది. ఒక పావు ఆధిక్యమున ఉండెను. గెలిచినచో ఇరువురును సమానమగుదురు. ఆ స్థితిలో, ముప్పదిరెండవ ఎత్తున, తన రాజు వాకిలికి కావలి కాయుచున్న శకటును ఆయన వేరొక చోటికి జరిపెను. వాకిలి తెరచుకొన్నది. స్టైనిట్జ్ ఏనుగు అందు దూరినది. తరువాతి ఎత్తున ఆట కట్టుట తప్పదు. చిగోరిన్ ఓటమి నంగీకరించెను. పోటీయు దానితోనే ముగిసినది. ఆయనను ఓడించినది గాంబిట్ కాదు, సాహసము కాదు. గెలుపు కనబడిన క్షణమున కలిగిన ఏమరుపాటు.

కప్తాను ఎత్తునకు నిజమైన విరుగుడును చూపినవాడు ఇమాన్యుయెల్ లాస్కర్. ఈయన 1894లో స్టైనిట్జ్‌ను ఓడించి ప్రపంచ విజేతయై 1921 వరకు ఆ పదవిని నిలుపుకొనెను. లాస్కర్ ఉపాయము వినుటకు మిక్కిలి సామాన్యము. ఇచ్చిన బంటును తీసికొనవలెను. శకటును వెనుకకు చేర్చుకొని, తగిన వేళ చూచి ఆ బంటును తిరిగి ఇచ్చివేయవలెను. తెల్లవాడు బంటును తిరిగి తీసికొనినచో మంత్రులిరువురు పలకనుండి తొలగుదురు. దాడికి ఊపిరి పోవును. అప్పుడు చూడగా ఇరువురి బంట్లును సమానమే. కాని తెల్లవాని ఎడమవైపు బంట్లు తోడులేక విడివిడిగా మిగిలియుండును. దాడికొరకు చెల్లించిన వెల అప్పుడు బయటపడును.

దీనిలోని నీతి గంభీరమైనది. స్టైనిట్జ్ బంటును తీసికొని విడువనన్నాడు; ఇరుకున పడినాడు. లాస్కర్ తీసికొని, విడిచినాడు, బయటపడినాడు. పరధనమునకు ఆశపడినవానికే గాంబిట్ ఉరియగును. అంటిపెట్టుకొననివానికి అది వట్టి దారము. ఇచ్చుటకు ధైర్యము కావలసినట్లే, దొరకినదానిని తిరిగి విడుచుటకును ధైర్యము కావలెను.

అటుపిమ్మట నూరేండ్లపాటు కప్తాను ఎత్తు గొప్ప పోటీలలో అరుదాయెను. పెద్దల పుస్తకములలో అది పాత కాలపు ముచ్చటగా మిగిలినది. ఎవాన్స్ 1872లో బెల్జియము దేశపు ఓస్టెండు పట్టణమున కన్నుమూసెను. ఆయన ఎత్తును గూడ లోకము దాదాపు మరచినది. కాని అందరును మరచినదానికి ఒక బలము కలదు: దానికి ఎదురు చెప్పవలసిన మాటలను గూడ అందరు మరతురు.

1995వ సంవత్సరమున లాత్వియా దేశపు రీగా నగరమున మిఖాయిల్ తాల్ స్మారకముగా పోటీ జరిగినది. తాల్ ఆ నగరమున పుట్టినవాడే. త్యాగములతో ప్రత్యర్థులను దిగ్భ్రాంతి పరచి 1960లో ప్రపంచ విజేతయైనవాడు. ఆ పోటీలో గారీ కాస్పరోవ్, మన దేశపు విశ్వనాథన్ ఆనంద్‌తో తలపడెను. ఆనంద్ 1988లో భారతదేశమునకు మొదటి గ్రాండ్‌మాస్టరైన ప్రతిభాశాలి. కాస్పరోవ్ నాలుగవ ఎత్తున కప్తాను బంటును త్రోసెను. ఆనంద్ దానిని తీసికొని, శకటును తన రాజు ముందరికి మరలించి, బంటు లాభమును పట్టుకొని కూర్చుండక నడిమి భాగమున మార్పిళ్లకు పూనుకొనెను. కాని తెల్లబలగము ముందుగనే బయలువెడలినది. నల్లరాజునకు కోట కట్టుకొనుటకు తీరికయే చిక్కలేదు. ఇరువదియైదవ ఎత్తున ఆనంద్ ఓటమి నంగీకరించెను. నూటయేబది యేండ్లకు పైబడిన ఆయుధము ప్రపంచమునందలి మేటి ఆటగాండ్ర నడుమ మరల మెరసినది.

ఆ ఓటమి ఆనంద్‌ను క్రుంగదీయలేదు. ఆ యేటనే ఆయన కాస్పరోవ్‌తో న్యూయార్కులో ప్రపంచ పదవికి పోటీ చేసెను. దానిలో ఓడినను, 2000వ సంవత్సరమున ప్రపంచ విజేతయై, మరల 2007నుండి 2013 వరకు ఆ పదవిని అలంకరించెను. ఒక ఆటలో ఇచ్చిన బంటు ఒక జీవితమును నిర్ణయింపదు.

నేడు గణనయంత్రములు క్షణమునకు కోట్లకొలది స్థితులను పరిశీలింపగలవు. వానినడిగినను అవి కప్తాను ఎత్తును తప్పని త్రోసిపుచ్చవు. గెలుపు నిచ్చునదనియు చెప్పవు. ఇరుపక్షములును సరియైన ఎత్తులు వేసినచో ఎవరికిని గొప్ప ఆధిక్యము రాదని తేల్చును. అనగా గెలుపు ఆ ఎత్తులో లేదు. ఆ తరువాత వేయు ఎత్తులలో ఉన్నది.

ఇంతవరకు చెప్పినదానినిబట్టి సాహసమునకును, జూదమునకును గల భేదమును గుర్తింపవచ్చును. ధర్మరాజు జూదమాడిన కథ మీ రెరుగుదురు. ఆయన నమ్మినది పాచికను. అది ఎట్లు పడునో ఆయన చేతిలో లేదు. పోయినది తిరిగి రాబట్టవలెనను పట్టుదలతో రాజ్యమును, తమ్ములను, తన్ను, తుదకు ద్రౌపదిని పణముగా ఒడ్డెను. గాంబిట్ వేయువాడు పాచికను నమ్మడు. తన లెక్కను నమ్మును. పోయిన దానికి దుఃఖించి మరియొకటి ఒడ్డడు. ఏమి కొనుచున్నాడో ముందే ఎరిగి వెలయిచ్చును. అన్నిటికంటె ముఖ్యమైనది ఇంకొకటి. చదరంగమున ఎన్ని గాంబిట్లైన ఉన్నవి. బంటునిచ్చునవి ఉన్నవి, గుర్రమునిచ్చునవి ఉన్నవి, ఆండర్సన్ మంత్రినే ఇచ్చెను. కాని రాజును పణముగా ఒడ్డు గాంబిట్ మాత్రము లేదు. ఏది పోయినచో ఆటయే లేదో, దానిని ఒడ్డువాడు సాహసి కాడు.

మీరును జీవితమున ఇట్టి ఘట్టములను ఎదుర్కొందురు. చేతనున్న చిన్న లాభమును విడిచి, కనబడని పెద్ద ప్రయోజనము కొరకు శ్రమింపవలసిన దినములు వచ్చును. అప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు. నేను విడుచుచున్నది బంటా, రాజా? దానికి మారుగా నేను కొనుచున్నదేమి? కొన్నదానిని వాడుకొనుటకు రేపటినుండి నేను విడువక పనిచేయుదునా? మొదటి ప్రశ్నకు 'బంటు' అనియు, రెండవదానికి స్పష్టమైన మాటయు, మూడవదానికి 'చేయుదును' అనియు సమాధానము వచ్చినచో, ఆ బంటును ముందునకు త్రోయుటకు వెనుదీయనక్కరలేదు.

ప్రశ్నలు

1. 'గింజ కంటికి కనబడును, అదను కనబడదు.' ఈ వాక్యము చదరంగమునకు ఎట్లు వర్తించునో వివరింపుము.
2. నియమములు మారిన పిదప చదరంగమున కాలమునకు విలువ ఎట్లు వచ్చినది?
3. కప్తాను ఎవాన్స్ ఇచ్చిన బంటు వలన తెల్లవానికి కలుగు లాభమును, అపాయమును వ్రాయుము.
4. స్టైనిట్జ్, లాస్కర్ ఈ ఎత్తును ఎదుర్కొనిన తీరులను పోల్చుము.
5. 1892లో చిగోరిన్ ఓటమికి కారణమేమి? దానివలన మనము నేర్చుకొనవలసినదేమి?
6. సాహసమునకును, జూదమునకును గల భేదమును నీ సొంత మాటలలో పది పంక్తులలో వ్రాయుము.